టోపీ కొనండి గానీ టోపీ పెట్టించుకోకండి

(పాలకొల్లు దగ్గర మా ఊరి లైబ్రరీలో ఒక ఆదివారం సాయంత్రం రిటైర్డ్ షిప్ ఇంజినీరు గారొకరు మాట్లాడిన మాటలు. ఫోన్ రికార్డింగ్ విని టైపు చేశాం. మధ్యలో కరెంటు పోయినప్పుడు కొన్ని మాటలు వినపడలేదు, అవి వదిలేశాం.)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డోళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఫ్యాను గాలి ఇక్కడే తగులుద్ది. ఆయ్.

లైబ్రరీ వాళ్ళు నన్ను పిలిచి ఏవండీ మీరు ముప్పై ఏళ్ళు షిప్పుల్లో తిరిగొచ్చేరు కదా ఏదైనా మాట్లాడండి అన్నారు, సముద్రం గురించి చెప్తాననుకున్నారు పాపం. నేను టోపీల గురించి చెప్తానంటే టోపీలా అని ఓసారి నా గుండు వేపు చూసి, సరేలెండి అన్నారు. (నవ్వులు) ఆ గుండే కారణమండి. ఇంజన్ రూము వేడికో మా వంశం గొప్పతనానికో గానీ 28 ఏళ్ళకే నెత్తి ఖాళీ అయిపోయింది, డెక్కు మీదకొస్తే మాడు అట్లపెనంలా కాలిపోయేది. అలా అవసరానికి మొదలైన టోపీ పిచ్చిలోకి దిగిపోయింది. ఇప్పుడు ఇంట్లో బీరువా మీద 19 టోపీలున్నాయి. మా ఆవిడ లెక్కలో 19 ఎక్కువున్నాయి.

మన భాషలో టోపీ పెట్టేడంటే మోసం చేసేడనే కదండీ అర్థం. ఎవరు పుట్టించేరో గానీ ఆ మాట టోపీల వ్యాపారానికి కరెక్టుగా సరిపోద్ది, ఎందుకంటే నాకు మొదటి ఖరీదైన టోపీతోనే టోపీ పెట్టేరు.

1993లో మా షిప్పు ఈక్వడార్ దేశంలో గుయాకిల్ పోర్టుకెళ్ళింది, అరటిపళ్ళ లోడింగు. మనకి రావులపాలెం మార్కెట్ ఎలాగో ప్రపంచానికి ఆ పోర్టు అలాగ, ఎటు చూసినా గెలలే. పోర్టు బయట ఒక కొట్టోడు పనామా టోపీ, సన్నటి గడ్డితో అల్లేది, చూపించేడు. ముందు ఓ సంగతి చెప్పాలండి, పనామా టోపీ పనామా దేశానిది కాదు, ఈక్వడార్ ది. వెనకటి రోజుల్లో అమెరికా పడమటి తీరానికి వెళ్ళే జనం చాలామంది పనామా మీంచి వెళ్ళేవాళ్ళు, అక్కడ కొనుక్కునేవాళ్ళు, దాంతో ఆ పేరు అంటుకుపోయింది. కోనసీమ కొబ్బరికాయ రాజమండ్రి స్టేషన్లో కొన్నామని రాజమండ్రి కాయ అనేస్తే ఎలా ఉంటది, అలాగ. సరే ఆ కొట్టోడు మోంటెక్రిస్టి, సూపర్ ఫినో అని రెండు మాటలు అన్నాడు, మోంటెక్రిస్టి అంటే అక్కడ మంచి టోపీలు అల్లే ఊరు, సూపర్ ఫినో అంటే మహా సన్నం అని. చుట్టచుట్టి బాల్సా చెక్క పెట్టెలో పెట్టి ఇచ్చేడు, పెట్టె ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను. 120 డాలర్లు. అప్పట్లో మన డబ్బుల్లో నాలుగు వేలకి కాస్త తక్కువ. ఆ డబ్బు ఇంటికి పంపితే మా నాన్న చేలో బోరు మోటారు బాగుచేయించుకునేవాడు.

మూడు నెలలు క్యాబిన్ ఏసీలో ఆ పెట్టెలోనే ఉందండి. ఇంటికొచ్చి అందరి ముందూ స్టైలుగా విప్పేను. ముందు వైపు వేళ్ళతో నొక్కి పట్టుకునే చోటు ఉంటది చూడండి, అక్కడ పటుక్కుమని అంగుళం మేర చీలింది. మా బాబాయి ఉండి, తాటాకు గిడుగైనా రెండు వర్షాకాలాలు వస్తుందిరా అన్నాడు. (నవ్వులు)

తర్వాత రెండేళ్ళకి మళ్ళీ అదే పోర్టుకెళ్ళినప్పుడు సెలవు పెట్టి బస్సెక్కి మోంటెక్రిస్టి వెళ్ళేను, కోపంతో వెళ్ళేనండి నిజంగా. అక్కడ ఓ ముసలాయన అల్లుతున్నాడు. చెక్క దిమ్మ మీద టోపీ పెట్టి, దాని మీదకి ఛాతీ ఆనించి వంగిపోయి అల్లుతున్నాడు, ఆయన వేళ్ళు చూస్తే మా అమ్మ వేళ్ళు గుర్తొచ్చాయి. గడ్డి పేరు టొకియా, మొక్క చూడ్డానికి తాటి మొక్కలా ఉంటది గానీ తాటి జాతి కాదు. ఆకు విచ్చుకోకముందే మొవ్వు దశలోనే కోసి, సన్నగా చీల్చి, ఉడకబెట్టి ఆరబెడతారు. బాగా సన్నటి టోపీ ఒక్కటి పూర్తి చెయ్యడానికి నెలలు పడుతుంది. ఈ అల్లికనే 2012లో యునెస్కో వాళ్ళు వారసత్వ కళల జాబితాలో చేర్చేరు, చేర్చేక ఆ ముసలాయనకి కూలి ఎంత పెరిగిందో మాత్రం ఎవరూ రాయలేదు.

ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకి రాదు, మా షిప్పులో కుర్రాడొకడు స్పానిష్ మాట్లాడేవాడు, వాడే మధ్యలో. నా చీలిన టోపీ చేతికిస్తే ఆయన పేరు చూళ్ళేదు, ముద్ర చూళ్ళేదు, తిరగేసేడు. తిరగేసి కిటికీ వెలుగుకి పెట్టేడు. నడినెత్తి నుంచి గుండ్రంగా వలయాలు వలయాలుగా కనపడతాయండి, చెరువులో రాయేస్తే అలలొచ్చినట్టు. అల్లేటప్పుడు కొత్త పోగులు కలిపిన చోట ఆ వలయం పడుద్ది. అవి ఎంత దగ్గర దగ్గరగా ఉంటే అంత సన్నటి పని. నాదాంట్లో వలయాలు మా ఊరి బస్సుల్లాగ ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉన్నాయి. తర్వాత అంచు చూపించేడు. మంచి టోపీకి అంచు దగ్గర పోగుల్ని వెనక్కి తిప్పి మళ్ళీ లోపలికి అల్లి ముగిస్తారు, మన చాప అంచు మలిచినట్టు. నాదానికి కత్తిరించి మిషను కుట్టు వేసేసేరు. అంటే అది మోంటెక్రిస్టి పనే కాదు. పైగా ఈ గడ్డి టోపీని చుట్టి పెట్టెలో పెట్టడం అన్నది అమ్మడానికి చూపించే విద్యే గానీ దాచుకునే పద్ధతి కాదంట, నెలల తరబడి చుట్టి ఉంచితే గడ్డి ఎండి ఎంత మంచిదైనా మడతలో విరుగుద్దంట. అంటే సగం తప్పు కొట్టోడిది, సగం నాది. ఇది ఒప్పుకోడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మా అమ్మ సంగతి చెప్తానన్నాను కదా. చెప్పలేదా? సరే ఇప్పుడు చెప్తాను. మా అమ్మ లేసు అల్లేదండి. ఇక్కడ కూర్చున్న ఆడవాళ్ళలో సగం మందికి తెలుసు, నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఇళ్ళల్లో అరుగు మీద లేసు సూది పట్టని అమ్మమ్మ లేదు. దొరల కాలంలో మిషనరీ వాళ్ళు నేర్పిన పని, ఇప్పుడు ఇది ఫలానా ఊరి సరుకని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది, 2024లో. ఏజెంటు దారం ఉండలు తూచి ఇచ్చేవాడు, పని తూచి తీసుకునేవాడు, సరుకు ఎక్కడికి పోయేదో అమ్మకి తెలీదు. నేను ఓసారి యూరప్ పోర్టులో పెద్ద షాపులో అమ్మ కోసం నూలు అల్లిక టోపీ కొన్నాను, లోపల పట్టు లేబులు మీద ఆ షాపు పేరు బంగారపు రంగు దారంతో కుట్టి ఉంది. తెచ్చి ఇస్తే ఆవిడ లేబులు వేపు చూడనే లేదు, తిరగేసి ముడి ఎక్కడ దాచేరో వెతికింది. వెతికి, ఇది మన వేపు చెయ్యేరా అబ్బాయ్, ఈ ముగింపు మనోళ్ళే వేస్తారు అంది. నేను దానికి పెట్టిన డబ్బు ఎంతో ఆవిడకి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు, ఇంక చెప్పడానికి ఆవిడ లేదు.

నా టోపీల చదువంతా ఆ రెండు తిరగెయ్యడాల్లో ఉందండి, ఆ ముసలాయనది, మా అమ్మది.

ఇప్పుడు ఫెల్టు టోపీ. మన ఎండకి పనికిరాదు గానీ పేరున్న బ్రాండులన్నీ దాని మీదే నిలబడ్డాయి. ఫెల్టు నేసేది కాదు, అల్లేది కాదు. కుందేలు వెంట్రుక గానీ బీవర్ అనే నీటి జంతువుది గానీ తీసుకుంటారు, ఆ వెంట్రుక మీద కంటికి కనపడని పొలుసులుంటాయి, వేడినీళ్ళు, ఆవిరి, నొక్కుడు తగిలేసరికి ఒకదాన్లో ఒకటి దూరి బిగుసుకుపోతాయి. ముందు ఇంత పెద్ద గంప లాంటి శంకువు తయారవుద్ది, దాన్ని కుదించి కుదించి టోపీ సైజుకి తెస్తారు. ఎంత ఓపిగ్గా కుదిస్తే అంత పల్చగా, తేలిగ్గా, గట్టిగా వస్తుంది. ఈ మూడూ ఒకేసారి రావడమే గొప్ప. గొర్రె ఉన్నితో చేసిందైతే చవక, మందంగా ఉంటది, రెండు వానలు తగిలితే గొడుగు తిరగబడినట్టు అంచు వాలిపోద్ది. చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది, బొచ్చు ఫెల్టు పిల్లి చెవిలా ఉంటది, ఉన్ని ఫెల్టు గొంగళిలా ఉంటది.

ఈ పనికి వెనకటికి పాదరసం వాడేవాళ్ళు, వెంట్రుక బాగా పట్టుకుంటుందని. ఆ ఆవిరి పీల్చి పీల్చి టోపీ పనివాళ్ళకి చేతులు వణికేవి, మతి చెడేది, ఇంగ్లీషులో టోపీలవాడిలా పిచ్చోడు అనే సామెతే ఉంది. అమెరికాలో 1941 దాకా ఆపలేదు. పాత పేరు, గొప్ప చరిత్ర అన్నప్పుడు అందులో ఇది కూడా ఉందని గుర్తుపెట్టుకోండి.

క్వాలిటీకి నంబర్లుంటాయి కదా అంటారు. అమెరికా కౌబాయ్ టోపీల లోపల ఎక్స్ గుర్తులుంటాయి, 4ఎక్స్, 10ఎక్స్, 100ఎక్స్, వెయ్యి ఎక్సులు కూడా ఉన్నాయి. మొదట్లో బీవర్ బొచ్చు ఎంతుందో చెప్పడానికి పెట్టేరు. ఇక్కడ రొయ్యల చెరువులున్నోళ్ళు ఎంతమంది? ఆ, చాలామందే ఉన్నారు. మీకు 40 కౌంటు అంటే భీమవరంలోనైనా కాకినాడలోనైనా కిలోకి 40 రొయ్యలే. వ్యాపారి కౌంటు మార్చేస్తే ఊరుకుంటారా మీరు? ఎక్స్ కి అలాంటి కౌంటు లేదండి. ఒక కంపెనీ 20ఎక్స్, ఇంకో కంపెనీ 20ఎక్స్ ఒకటి కాదు. ఒకే కంపెనీలో కింది గ్రేడుకీ పై గ్రేడుకీ తేడా తెలుసుకోడానికి పనికొస్తది, అంతవరకే. పనామా గ్రేడు నంబర్లదీ ఇదే వరస.

పేరు సంగతికొస్తే స్టెట్సన్ తో మొదలెడదాం. జాన్ స్టెట్సన్ అనే ఆయన 1865లో ఫిలడెల్ఫియాలో పెట్టిన కంపెనీ, కౌబాయ్ టోపీ అంటే ఆయన టోపీయే. ఆ ఫిలడెల్ఫియా ఫ్యాక్టరీ 1971లో మూసేసేరు. తమాషా ఏంటంటే అదే ఏడాది మన కృష్ణ గారు కౌబాయ్ టోపీ పెట్టుకుని గుర్రం ఎక్కి మన సినిమా హాళ్ళలోకొచ్చేడు, అక్కడ ఆరిపోయింది, ఇక్కడ వెలిగింది. (చప్పట్లు) ఆగండాగండి, పూర్తిగా ఆరిపోలేదు. తర్వాత పేరు లైసెన్సు మీద నడుస్తోంది, అమెరికా ఫెల్టు టోపీలు టెక్సాస్ లో గార్లాండ్ అనే ఊళ్ళో చేస్తారు, అవి మంచివే, నా దగ్గరొకటుంది. యూరప్ లో అదే పేరుతో అమ్మేది వేరే కంపెనీ. అదే పేరు మీద ఉన్ని టోపీలూ, బట్ట క్యాపులూ కూడా వస్తాయి. కాబట్టి స్టెట్సన్ మంచిదా అని నన్ను అడిగితే ఏ స్టెట్సన్ అని అడుగుతాను.

బోర్సలినో వేరే కథ. ఇటలీలో అలెస్సాండ్రియాలో 1857లో పుట్టింది. మా షిప్పు జెనోవాలో రిపేరుకి పడినప్పుడు రైలెక్కి వెళ్ళొచ్చేను, రెండు నదుల మధ్య ఊరు, పొగమంచు, మన కాలవగట్టు ఊళ్ళకి డిసెంబరులో ఉంటది చూడండి ఆ వాలకం. ఫెల్టు పనికి నీళ్ళు బాగా కావాలి కదా, ఊరికే పెట్టలేదు అక్కడ. కుందేలు బొచ్చు నుంచి టోపీ దాకా యాభైకి పైగా పనులు, వారాలు పడుతుంది. అంత పేరున్న కంపెనీ 2017లో దివాలా తీసింది. టోపీ బాగోక కాదండి, పైన డబ్బు లెక్కల్లో. కింద పనివాళ్ళు మాత్రం టోపీలు చేస్తూనే ఉన్నారు, 2018లో కొత్తవాళ్ళు కొనుక్కున్నారు. కంపెనీ దివాలా అని పేపర్లో చదివి సరుకు పాడైపోయిందనుకోవడం తప్పు, కంపెనీ లాభాల్లో ఉంది కాబట్టి సరుకు బాగుందనుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. నేను చూసేది ఒకటే, ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉందా లేదా.

ఇంకో సంగతి చెప్తే ఆశ్చర్యపోతారు. చిన్న చిన్న గొప్ప టోపీల వాళ్ళు చాలామంది ఫెల్టు వాళ్ళు చేసుకోరు. పోర్చుగల్ లో ఫెప్సా, చెక్ దేశంలో టోనాక్, ఇలా కొద్ది ఫ్యాక్టరీలు ఫెల్టు శంకువులు చేసి అమ్ముతాయి, వీళ్ళు కొనుక్కుని అచ్చు మీద బిగించి, అంచు కోసి, రిబ్బను కుట్టి అమ్ముతారు. ఇది మోసం కాదండి. ఆత్రేయపురంలో ఏం జరుగుద్ది? కుండ మీద రేకు తీసే ఆడవాళ్ళు వేరు, నెయ్యీ బెల్లం రాసి చుట్టేవాళ్ళు వేరు. చుట్టేవాడికి చెయ్యి మంచిదైతే పూతరేకు మంచిది. కానీ మా రేకు మా సొంతం అని చెప్పి పది రెట్లు తీసుకుంటే అప్పుడు అడగాలి. హైవే పొడుగునా ఆత్రేయపురం బోర్డులు ఎన్నున్నాయో లెక్కపెట్టేరా ఎప్పుడైనా? ఊళ్ళో ఇళ్ళ కన్నా ఎక్కువ ఉంటాయి.

టోపీ చేతికొచ్చేక నేను చేసేది ఇదండి, ఇదిగో నా టోపీ ఒకటి తెచ్చేను, చూడండి. లోపల నుదురుకి తగిలే తోలు పట్టీ ఉంది కదా, దీన్ని బయటికి మడిచేస్తాను. నిజం తోలా, రెగ్జినా? కుట్టేరా, జిగురు పెట్టేరా? చెమట పీల్చేది ఇదే, మన గాలిలో జిగురుదైతే ఒక్క వేసవిలో ఊడి చేతికొస్తది. ఈ పట్టీ వెనకాల చిన్న బొత్తి... కాదు, ముడి లాంటిది కనపడుతోందా, వేలి గోరంత ఉంటది, అది వెనక వైపుకి గుర్తు. బయట రిబ్బను చేతి కుట్టు అయితే కుట్టు కనపడదు, ఒక కొస కొంచెం ఎత్తితే సన్నగా దారం తెలుస్తుంది. అంచు చుట్టూ వేలు నడిపించండి, మందం ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ ఉండకూడదు. రిబ్బను మీద ఉన్న ఈకా, లోపలి పట్టు గుడ్డా, డబ్బా, ఇవేం నేను చూడను. మంచి డబ్బాతో మొదటిసారే మోసపోయాను కదా.

లండన్ లో సెయింట్ జేమ్స్ వీధిలో లాక్ అని కొట్టుంది, 1676 నుంచి ఉంది. గాజు అద్దాల్లోంచి చూడ్డమే అనుకుంటూ వెళ్ళి లోపలికి దూరేసేను. తల కొలత తియ్యడానికి పాత యంత్రం ఒకటుంది అక్కడ, కిరీటంలా నెత్తి మీద పెట్టి నొక్కితే మన తల ఆకారం చిన్న కాగితం మీద గుచ్చుకుంటది. తల గుండ్రంగా ఉండదని నాకు అక్కడే తెలిసింది, నాది వంకాయలా ఉందంట. ఆ కొట్టుకి 1849లో ఒక జమీందారు బంధువు వచ్చి అడవిలో కాపలావాళ్ళకి గట్టి టోపీ కావాలన్నాడంట, చెట్టుకొమ్మలు తగిలినా పడిపోకూడదు. చేసి పెడితే దాన్ని బయటికి తీసుకెళ్ళి కింద పెట్టి కాలితో రెండుసార్లు తొక్కేడంట, నలగలేదు, 12 షిల్లింగులు ఇచ్చి పట్టుకుపోయేడు. అదే బౌలర్ టోపీ, గుండ్రటి గట్టి టోపీ. కొనేవాడంటే అలా ఉండాలి. నేనైతే లాక్ లో ఏదీ తొక్కలేదు, ఏదీ కొనలేదు కూడా, ధర చూసి థాంక్యూ చెప్పి వచ్చేసేను.

ఆ, టైము చూపిస్తున్నారు. ఎవరైనా అడగాలంటే అడగండి.

(ప్రేక్షకుల్లో ఒకరు: మన ఎండలకి ఏది కొనమంటారండి?)

గడ్డిదే. ఫెల్టు పెట్టుకుంటే ఇక్కడ తల ఉడికిపోద్ది. చెరువుగట్టు మీదకైతే ఖరీదైంది అసలొద్దు, ఉప్పు గాలికి తోలు పట్టీ తెల్లగా పూస్తది. ఇంకో మాటండి, దొరలు పెట్టుకునే తెల్ల టోపీ చూసేరా, సోలా టోపీ, చాలామంది సోలార్ అనుకుంటారు ఎండకి కదా అని. సోలా అంటే మొక్క పేరు. బురద నేలల్లో పెరిగే బెండు మొక్కండి, పెళ్ళిళ్ళకి బాసికాలు చేసే బెండు, తీర్థాల్లో బెండు చిలకలు అమ్ముతారే అది. దొర నెత్తి మీదా బెండే, పెళ్ళికూతురు నుదుటి మీదా బెండే. (నవ్వులు)

(వెనక నుంచి ఒక పెద్దాయన సంచీలోంచి పాత టోపీ తీసి ఇచ్చారు. మా తాతగారిది, పేరేమీ లేదు, ఏ కంపెనీయో చెప్తారా అని అడిగారు.)

ఇవ్వండి ఇలాగ. కళ్ళజోడు... ఆ. పేరు లేదండి, ఉన్న ముద్ర చెమటకి పోయింది. ఏ కంపెనీయో నేను చెప్పలేను, చెప్పినా అబద్ధం అవుద్ది. కానీ ఇదిగో, అమ్మాయ్ నువ్వు పట్టుకో ఓసారి, ఎంత తేలిగ్గా ఉందో చూడు. తోలు పట్టీ, కుట్టు, ఒక్క చోట కూడా వదల్లేదు. బొచ్చు ఫెల్టే. నొక్కి వదిలితే చూడండి, మళ్ళీ లేస్తోంది. ఇక్కడ అంచు దగ్గర మాత్రం పురుగు కొట్టింది, రెండు చిల్లులు. తాతగారు ఏం చేసేవారండి? కాలవల ఆఫీసులోనా? ఆయ్, అయితే ఎండలో బాగానే తిరిగుంటారు, ఈ లోపలి మరక ఆయన చెమటే.

అమ్ముతారా? (నవ్వులు) సరే సరే, అడిగితే తప్పేముంది. ఈ ప్లాస్టిక్ సంచీలో పెట్టకండి, చెమ్మ పట్టి బూజొస్తది. అట్టపెట్టెలో తలకిందులుగా పెట్టండి, అంచు మీద నిలబెట్టకండి, వంగిపోద్ది. కలరా ఉండలు నాలుగు కాగితంలో చుట్టి పక్కన వెయ్యండి, తోలుకి తగలకుండా. ఆషాఢం వెళ్ళేక ఓసారి నీడలో గాలికి పెట్టండి, ఎండలో వద్దు.